సున్నం కొట్టిన మూడో రాయి

కొల్లప్పకు కాళ్ళనొప్పులు సాయంత్రం వచ్చేవి కావు, పొద్దున లేస్తూనే ఆయనతో పాటు లేచేవి. వేరుశనగ చేతికొచ్చిన రెండు నెలలూ ఆయన పని ఒక్కటే, నిలబడటం. పావగడ ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డుకు అడ్డంగా ఒక వంక ఉంది. అందులో నీళ్ళు పారేది ఏడాదికి నాలుగు రోజులు, అదీ దేవుడు దయతలిస్తే. దాని మీద ఎప్పుడో పాతకాలంలో కట్టిన చిన్న వంతెన, మోరీ అంటారు, ఒక బండి ఎక్కితే ఎదురు బండికి చోటుండనంత ఇరుకు. ఆ మోరీ ఇవతలి కొసన, ఎర్రగుడ్డ కట్టిన వేపకర్ర చేతబట్టుకుని, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఆయన నిలబడి ఉండేవాడు.

మార్కెట్ యార్డుకు పోయే వేరుశనగ బండ్లు, ట్రాక్టర్లు, ఖాళీగా తిరిగొచ్చే బండ్లు, బస్సులు, లారీలు, శనివారమైతే శనిమహాత్మ గుడికి వచ్చే జనం, అందరూ ఆ మోరీ మీదనే పోవాలి, ఆ మోరీ మీదనే రావాలి. ఎవరిని ఎప్పుడు ఆపాలో, ఎవరిని ఎప్పుడు వదలాలో చూడటానికి యార్డు వాళ్ళు ఆయనకు దినకూలి ఇచ్చేవాళ్ళు. పోలీసు కాదు కాబట్టి ఎవరూ భయపడరు. నౌకరీ కాదు కాబట్టి ఎవరూ గౌరవించరు. అటు పోయేవాడు తిడతాడు, ఇటు వచ్చేవాడూ తిడతాడు. పేర్లు పెట్టడంలో మన రైతులకు సాటి ఎవరు? "మోరీ కొల్లప్ప" అన్నారు. ఆ పేరుకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆయనకు మిగల్లేదు.

అసలు ఆయన రైతు. వల్లూరులో రెండున్నర ఎకరాల మెట్ట, ఒక ఎండిన బావి, సంజీవమ్మ అనే భార్య. ఎనభై ఐదులో వాన మొహం చాటేసింది. మరుసటేడూ అంతే. విత్తనానికి దాచిన కాయలు కూడా వేయించుకు తిన్నాక, ఊళ్ళో సగం మంది లాగే మొగుడూ పెళ్ళాం బెంగుళూరు బస్సెక్కారు. ఒక పెద్ద సర్కిల్ పక్కన లేస్తున్న కట్టడంలో ఆయన మట్టి తవ్వేవాడు. ఆమె ఇసుక గంప నెత్తిన పెట్టుకుని పలకల మీద నడిచి మూడో అంతస్తుకు ఎక్కేది. ఒకనాడు పలక జారింది. ప్రాణం దక్కింది గానీ నడుము దక్కలేదు. ఆ రోజు నుంచి వంగితే లేవడానికి ఆమెకు ఇంకొకరి చెయ్యి కావాలి.

"చస్తే మనూర్లోనే చస్తా. మళ్ళా ఈ ఊరి మొగం చూడను. ఒట్టు" అంది సంజీవమ్మ, ఆస్పత్రి వరండాలో పడుకుని. కొల్లప్ప తలూపాడు. ఆమె పెట్టుకున్న ఒట్టు ఆయనకు కూడా చుట్టుకుంది.

బెంగుళూరు ఆయనకు ఇచ్చిందేమైనా ఉంటే అది ఒక చూపు మాత్రమే. మధ్యాహ్నం సంగటిముద్ద తినే అరగంటా గోడ మీద కూర్చుని సర్కిల్ కేసి చూసేవాడు. పచ్చదీపం వెలిగితే ముందున్న మోటారు కదులుతుంది. దాని వెనకది వెంటనే కదలదు. ముందుది కదిలిందని కన్ను చూడాలి, మనసు నమ్మాలి, కాలు తొక్కాలి. ఆ తర్వాతే దాని వెనకది. కదలిక ఇరవయ్యో మోటారు దాకా చేరేలోపల మళ్ళీ ఎర్రదీపం. ఇంకొకటి కూడా గమనించాడు. అక్కడి పోలీసాయన సర్కిల్ నడిమధ్యన కొంచెం చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు. చూసేవాళ్ళకు అది దండగ చోటు. ఒకరోజు ఆయన టీ తాగడానికి పోయిన సందులో ఆ ఖాళీ నిండింది. నాలుగు దిక్కుల నుంచీ నాలుగు మోటార్లు వచ్చి మూతులు ఆనించుకున్నాయి. ఆ మీదట పొద్దు వాలేదాకా ఎవరూ ఎటూ పోలేదు.

ఎనభై ఏడులో వాన కరుణించింది. ఇద్దరూ ఊరు చేరారు. అందరి పొలాల్లోనూ కాయ విరగకాసింది. అందరి బండ్లూ ఒక్కసారే పావగడ దారి పట్టాయి. తొలివారం ఏడింటికి యార్డు చేరినవాళ్ళకు మంచి ధర పలికిందని తెలిసి, మలివారం అందరూ ఆరింటికే వచ్చారు. ఆ పై వారం ఐదింటికి. బండ్లు ఎంత ముందు కట్టుకుంటే జామ్ కూడా అంత ముందు నిద్ర లేచింది తప్ప, ఒక్కడైనా ముందు చేరింది లేదు.

అట్లాంటి ఒక ఉదయం కొల్లప్ప బండి కూడా అరమైలు వెనక ఇరుక్కుంది. కాసేపు చూసి, పగ్గాలు సంజీవమ్మకు ఇచ్చి, బారు వెంబడి ముందుకు నడిచాడు. ప్రతి బండి దగ్గరా అడిగాడు.

"ఎందుకు నిలబడినావప్పా?"

"ముందోడు నిలబడినాడు."

"నువ్వెందుకు నిలబడినావు?"

"నా ముందోడు నిలబడినాడు గదా!"

వంద బండ్లను అడిగి ఉంటాడు. ఒక్కడు కూడా "నేను అడ్డంగా ఉన్నా" అనలేదు. అందరూ జామ్‌లో ఇరుక్కున్నవాళ్ళే, జామ్ అయినవాడు ఒక్కడూ లేడు. తీరా మోరీ దగ్గరికి పోయి చూస్తే, విరిగిన ఇరుసు లేదు, పడిపోయిన ఎద్దు లేదు. ఇటు నుంచి ఎక్కేవాళ్ళు మోరీ మూతికి ఆనుకుని నిలబడ్డారు. అటు నుంచి వచ్చిన ఖాళీ బండి దిగడానికి చోటు లేక మోరీ మీదే నిలబడింది. అది దిగితే గానీ వీళ్ళు ఎక్కలేరు, వీళ్ళు జరిగితే గానీ అది దిగలేదు. వీళ్ళు జరగాలంటే వెనకవాళ్ళు జరగాలి. వెనక ఎద్దులేమో ముందు బండికి కట్టిన మేతలో మూతులు పెట్టి హాయిగా నములుతున్నాయి.

కొల్లప్ప వెనక నుంచి ఒక్కొక్క బండినీ బతిమాలి, జబర్దస్తీ చేసి, నాలుగు బారలు వెనక్కి నెట్టించాడు. ఖాళీ బండి దిగింది. దారి తెరుచుకుంది. అయితే వింత ఏమిటంటే, మోరీ దగ్గర అంతా సాఫీ అయిన గంటకు కూడా వెనక చింతచెట్ల దగ్గర జామ్ అట్లాగే ఉంది. దానికి కారణమైన బండ్లు అప్పటికే యార్డులో కాయలు కుప్ప పోసుకుంటున్నాయి. మొదటివాడు ఒక వక్క కొరికేంత సేపు ఆగితే, పదోవాడు ఒక బీడీ తాగేంత సేపు ఆగుతాడు, వందోవాడు కాడి దించి ఎద్దులకు మేత వేస్తాడు. బండ్లు ముందుకు పోతుంటే జామ్ వెనక్కి నడుస్తూ ఉంది.

ఆ జామ్‌లోనే యార్డు సూపర్వైజరు శ్రీరామప్ప జీపు కూడా ఇరుక్కుని ఉంది.

"ఏం కొల్లప్పా, యాడ చెడిపోయింది బండి?" అన్నాడు ఆయన.

"యాడా చెడలేదు సార్. అన్నీ బాగుండాయి. అందుకే అన్నీ నిలబడినాయి."

శ్రీరామప్పకు ఆ మాట అర్థం కాలేదు గానీ, ఈ మనిషి వల్ల జీపు కదిలింది అన్నది అర్థమైంది. మరుసటి వారం నుంచి ఎర్రగుడ్డ కొల్లప్ప చేతికి వచ్చింది.

ఆయన చేసిన పని పెద్దదేమీ కాదు. మోరీ మూతి నుంచి వెనక్కి, రోడ్డు పక్కన ఆరు రాళ్ళు పాతి సున్నం కొట్టాడు. రాయికీ రాయికీ మధ్య ఒకటిన్నర బండి చోటు. మోరీ నుంచి లెక్కపెడితే మూడో రాయి దగ్గర బారు ఆగాలి. అక్కడి నుంచి మోరీ దాకా రోడ్డు ఖాళీగా ఉండాలి. అటు నుంచి పది బండ్లు దిగిపోయాక ఆయన చెయ్యి ఊపుతాడు, అప్పుడు ఇటు నుంచి పది కదలాలి. అంతే. కదులుతూ వచ్చిన బండి మోరీ ఎత్తును సులువుగా ఎక్కుతుంది. మూతి దగ్గర నిలబడిపోయిన బండి ఎక్కడానికి ఎద్దులు మోకాళ్ళ మీద పడాలి. ఇది బరువు లాగిన ఏ ఎద్దునడిగినా చెబుతుంది.

ఎద్దులు నేర్చుకున్నాయి. మనుషులే నేర్చుకోలేదు. మూడో రాయి దగ్గర నిలబడి ముందు ఖాళీ చూస్తే వాళ్ళ చేతులు చర్నాకోల మీదికి పోయేవి. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నిండా మూటలేసుకున్న ట్రాక్టరుతో ఆ సందులో దూరాలని చూసేవాడు ఆదినారాయణప్ప. ఆయనకు నలభై ఎకరాలు. ఆగడం ఆయనకు అవమానం.

"ఏం కొల్లప్పా, అంత చోటు ఖాళీగా పెట్టినావే, ఆడ మడి నాటుతావా?"

"చోటు ఖాళీ లేదన్నా. అటునుంచి దిగే బండిది ఆ చోటు. అది ఇంకా రాలేదు, అంతే."

"నా ఒక్క బండి పోతే ఏమయితాదిప్పుడు?"

ఇదే మాట. రోజుకు వందసార్లు వినేవాడు. నా ఒక్క బండి. లోకంలో రెండో బండి లేనట్టు. కొల్లప్ప మొదట్లో వాదించేవాడు, తర్వాత చేతులు జోడించేవాడు, ఆ తర్వాత కర్ర అడ్డం పెట్టి ఊరికే నిలబడేవాడు. అందరి మీదా కోపగించుకోవడం ఆయనకు చేతకాలేదు, ఎందుకంటే ఆ తొందర ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలుసు. కరువులో నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు ఆయన కూడా బిందె పట్టుకుని పరిగెత్తినవాడే. అందరూ ఒకేసారి మీద పడితే సగం నీళ్ళు మట్టిపాలయ్యేవి. నిదానంగా పట్టుకుంటే అందరికీ వచ్చేవి. అది తెలియనివాడు ఎవడు? తెలిసీ పరిగెత్తారు. వెనకబడినవాడి బిందె ఖాళీగా ఇంటికి పోవడం కళ్ళతో చూశారు మరి. ఖాళీ వదిలితే ఎవడో ఒకడు దూరతాడన్న భయం వాళ్ళకు అక్కడ పట్టుకుంది. ట్యాంకరు వెళ్ళిపోయినా ఆ భయం వెళ్ళలేదు.

ఎనభై తొమ్మిదిలో శ్రీరామప్ప ఒక ఉపాయం చేశాడు. మోరీ పక్కనే వంకలోకి మట్టిదారి దింపించి, ఖాళీ బండ్లు అటు రావాలన్నాడు. రెండు వారాలు అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. మూడో వారం నుంచి ఆ దారి కూడా నిండింది. అప్పటిదాకా జామ్‌కు భయపడి కాయలు ఇంటి దగ్గరే అమ్ముకునేవాళ్ళు, దారి బాగైందట కదా అని బండ్లు కట్టారు. మునుపు ఒక జామ్, ఇప్పుడు రెండు. ఆ ఏడు వచ్చిన నాలుగు రోజుల నీళ్ళకు మట్టిదారి కొట్టుకుపోతే కొల్లప్ప ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన సంజీవమ్మతో ఈ సంగతులన్నీ చెప్పేవాడు. ఇంకెవరితో చెబుతాడు? ఇంటి గడప దగ్గర చీమలబారు చూపించి, "చూడుమే, బరువెత్తుకున్న చీమ, ఎత్తుకోని చీమ, ఒకదాన్నొకటి యాడన్నా గుద్దుకుంటాండాయా? నడిమధ్య సందు వదిలి పోతాయి" అనేవాడు.

"చీమలకేమయ్యా, యార్డులో శనక్కాయలు అమ్మే పనుందా, బెంగుళూరు పోయే పనుందా" అనేది ఆమె, నడుముకు వేడినీళ్ళ గుడ్డ అద్దుకుంటూ. అని నవ్వేది. ఆ నవ్వులో బెంగుళూరు అన్న మాట మాత్రం నవ్వేది కాదు.

ఆయన రాళ్ళను మనసా నమ్మిన మనిషి ఒక్కరుంటే, అది గంగక్క. మొగుడు పోయిన మనిషి. ఎకరా పొలం, రెండు ముసలి ఎద్దులు, అందులో ఒకటి కుంటేది. తనే బండి తోలుకుని వచ్చేది. మూడో రాయి దగ్గర చక్రం సరిగ్గా రాయికి ఆనేలా నిలిపి, దిగి, ఎద్దుల ముందు నిలబడి కొల్లప్ప చేతికేసి చూస్తుండేది. వెనకవాళ్ళు ఎంత అరిచినా కదిలేది కాదు. "ఆయప్ప ఊపనీ" అనేది, అంతే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని జనం నవ్వేవాళ్ళు. దినమంతా తిట్లు తిన్న కొల్లప్పకు ఆమె బండి కనబడితే కాళ్ళనొప్పి కాస్త తగ్గినట్టుండేది.

తొంభై, మళ్ళీ కరువు. వేసిన కాయ భూమిలోనే మాడిపోయింది. తొంభై ఒకటిలో వాన ఆలస్యంగా వచ్చినా వచ్చింది. కొల్లప్ప పొలంలో పద్నాలుగు మూటలు తేలాయి. అవి ఎండినవి ఎండినట్టు యార్డు చేరితే ఏడాది తిండికి, వచ్చే విత్తనానికి సరిపోతుంది. చేరకపోతే బెంగుళూరు. వేరే దారి లేదని మొగుడికీ తెలుసు, పెళ్ళానికీ తెలుసు. ఏ నడుముతో ఆమె గంప మోస్తుందని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కార్తీకంలో ఆ రోజు తూర్పున మబ్బు పట్టింది. తుఫాను అని రేడియో చెప్పిందట. ఎండిన వేరుశనగకు ఆ మాట చాలు. తడిస్తే కాయ నల్లబడుతుంది, లోపల గింజ బూజు పడుతుంది, యార్డులో ఒక్కడూ చేత్తో ముట్టుకోడు. అందుకే ఆ ఉదయం ఎన్నడూ లేనన్ని బండ్లు వచ్చాయి. కొల్లప్ప మోరీ వదిలి రాలేడు కాబట్టి తమ బండిని సంజీవమ్మ తోలుకొచ్చింది. నడుము చుట్టూ పాత పంచె బిగించి కట్టుకుని కూర్చుంది.

నిజం చెప్పాలంటే ఆ రోజంత బాగా ఆ మోరీ ఎన్నడూ నడవలేదు. భయంతోనో ఏమో, అందరూ ఆయన మాట విన్నారు. పది ఇటు, పది అటు. ఎక్కడా ఆగలేదు. మధ్యాహ్నానికి నూటయాభై బండ్లు దాటాయి. ఇంకొక గంట అట్లాగే నడిస్తే బారు మొత్తం తడవకుండా యార్డులో ఉండేది. అది కొల్లప్పకు తెలుసు. అక్కడున్న వాళ్ళందరిలో ఆయన ఒక్కడికే తెలుసు.

అటు నుంచి ఒక లారీ, దాని వెనక ఖాళీ బండ్లు మోరీ ఎక్కాయి. ఇటు మూడో రాయి దగ్గర గంగక్క బండి. దాని వెనక సంజీవమ్మ. ఆ వెనక ఆదినారాయణప్ప ట్రాక్టరు, ఆ వెనక చింతచెట్లదాకా బండ్లే బండ్లు. అప్పుడు కొల్లప్ప చేతి మీద ఒక చినుకు పడింది.

ఆయన మబ్బు చూశాడు. గంగక్క కుంటెద్దును చూశాడు. అది కదిలి, ఎత్తెక్కి, మోరీ దాటేసరికి ఎంత సేపు? దాని వెనకే సంజీవమ్మ కాచుకోవాలి. ఆమె ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది. ఎన్నేళ్ళయినా ఆయన ఆ ఆస్పత్రి వరండా మరిచిపోలేదు. ముందు ఖాళీ ఉంది. ఆయన తన చేతులతో కాపాడిన ఖాళీ. గంగక్క పక్క నుంచి వచ్చి అక్కడ నిలబడితే, లారీ దిగీ దిగగానే సంజీవమ్మ మొదట ఎక్కేస్తుంది. నా ఒక్క బండి పోతే ఏమవుతుంది, అనుకున్నాడు. నాలుగేళ్ళుగా వందలమంది నోట విన్న మాట అది. తన లోపల నుంచి వచ్చినప్పుడు దాన్ని గుర్తు పట్టలేకపోయాడు.

ఎర్రగుడ్డ కదపలేదు. ఎడమచేత్తో, తక్కువగా, "రా" అన్నట్టు సంజీవమ్మకు ఊపాడు.

ఆమె ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత ఎద్దులను పక్కకు తిప్పి, గంగక్క బండి పక్కగా వచ్చి, మోరీ మూతి దగ్గర నిలబడింది. ఆ ఖాళీ ఆ పనికే ఉందని తెలిసిన మరుక్షణం ఆదినారాయణప్ప ట్రాక్టరు గుర్రుమంది. దాని వెనక ఇంకో బండి, ఇంకో రెండు, వెనక నుంచి మరో ట్రాక్టరు. అందరూ గంగక్కను చుట్టుకుని ముందుకొచ్చి మూతి నింపేశారు. లారీ వచ్చి సంజీవమ్మ ఎద్దుల ముట్టెల ముందు ఆగింది. అది వెనక్కి పోలేదు, వెనక ఖాళీ బండ్లున్నాయి. వీళ్ళు వెనక్కి పోలేరు, వెనక ఊరంతా ఉంది. కొల్లప్ప కర్ర ఎత్తి అరిచాడు. ఆ అరుపు ఎవరికీ వినబడలేదు, వినబడినా ఇక ఆయన మొహం చూసి ఎవరు వింటారు?

ఆ మీదట వాన దిగింది.

సన్నగా మొదలై పట్టిన వాన రెండు గంటలు విడవలేదు. ఆయన బురదలో ఒక్కొక్క చక్రం పట్టుకుని తోశాడు. చివరికి ట్రాక్టరును పొలంలోకి దింపి లారీకి సందు చేసేసరికి ఒంట్లో శక్తి లేదు. దారి తెరుచుకుంది గానీ యార్డుకు పోయేందుకు ఎండిన కాయ ఎవరి దగ్గరా మిగల్లేదు. సంజీవమ్మ తడిసిన మూటల మీద కూర్చుని ఉంది. ఆయన దగ్గరికి పోతే తలెత్తకుండా ఒకే మాట అంది.

"నువ్వు రమ్మంటేనే గదయ్యా వచ్చినా."

బారు కదిలిపోతుంటే ఆయన వెనక్కి నడిచాడు. ఎవరి మొహంలోకీ చూడలేదు. మూడో రాయి దగ్గరికి వచ్చి ఆగాడు. అక్కడ గంగక్క బండి ఉంది. చక్రం సున్నపు రాయికి ఆనించి, పెట్టిన చోటే పెట్టినట్టు ఉంది. కప్పుకోవాల్సిన గోనెసంచి కుంటెద్దు మీద కప్పి, తాను తడుస్తూ పగ్గం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఐదు మూటల నుంచీ ఎర్రనీళ్ళు కారుతున్నాయి. ముందున్న రోడ్డు ఖాళీ అయింది, వెనకవాళ్ళు ఆమె పక్క నుంచి దాటిపోతున్నారు.

"గంగక్కా, ఈడే ఉండావా? అందరూ పోతాండారు గదా, నువ్వెందుకు పోలేదు?" అన్నాడు.

"నువ్వు చెయ్యి ఊపలేదు గదప్పా" అంది గంగక్క.

ఎత్తిపొడుపు ఏమీ లేదు అందులో. ఉంటే బాగుండేది, తిట్లు మోయడం ఆయనకు అలవాటే. కొల్లప్పకు ఏడుపొచ్చింది. వానలో తెలియదులే అని ఏడ్చాడు. తర్వాత చెయ్యి ఊపాడు. ఆమె బండెక్కి కదిలింది.

నెల తిరక్కుండానే కొల్లప్ప, సంజీవమ్మ బెంగుళూరు బస్సెక్కారు. ఒట్టు తీసి గట్టున పెట్టారు. ఈసారి ఆమె గంప మోయలేదు, మోసేవాళ్ళ గంపల్లోకి కూర్చునే ఇసుక ఎత్తి పోసింది. రాత్రి ఆయన ఆమె నడుం రుద్దుతుంటే ఎన్నో చెప్పేది గానీ మోరీ సంగతి ఎత్తేది కాదు. మధ్యాహ్నాలు ఆయన గోడ మీద కూర్చునేవాడు. సర్కిల్ కేసి చూడబుద్ధి కాలేదు. గంగక్క ఎక్కడికీ పోలేదు. ఆ ఏడంతా ఊళ్ళో వాళ్ళ మేకలు కాసి బతికిందట.

రెండేళ్ళకు వాన పడి ఇద్దరూ ఊరు తిరిగొచ్చారు, మళ్ళీ కాయ పండింది. శ్రీరామప్ప కబురు పెడితే కొల్లప్ప వద్దన్నాడు. ఇంకెవరూ ఒప్పుకోలేదని మళ్ళీ కబురొచ్చింది. వచ్చాడు, రాళ్ళకు సున్నం కొట్టాడు, మోరీ కొసన నిలబడ్డాడు. తిట్లు ఎప్పటివే. ఆదినారాయణప్ప మాత్రం కొత్త మాట ఒకటి నేర్చాడు. "ఏం కొల్లప్పా, ఈరోజు మీ ఇంటి బండి రాలేదా?" అనేవాడు. కొల్లప్ప తమ ఇంటి బండిని ఆ ఏడు నుంచి బారులో అందరికన్నా ఆఖరున పెట్టించాడు. సంజీవమ్మ కాదనలేదు.

తొలిరోజే గంగక్క వచ్చింది. ఎద్దులు మారాయి, ఆమె ఇంకా చిక్కిపోయింది. మూడో రాయి దగ్గర చక్రం ఆనించి, దిగి, ఎద్దుల ముందు నిలబడింది. అటు బండ్లు దిగిపోయాయి. కొల్లప్ప చెయ్యి ఊపాడు.

ఆమె కదల్లేదు. వెనక్కి తిరిగి, తన వెనక ఎవరున్నారో చూసింది. ఆ తర్వాత మళ్ళీ ఆయన కేసి తిరిగింది.

"నాకేనాప్పా?" అంది.

"నీకేనక్కా. నీకే" అన్నాడు కొల్లప్ప.

తొంభై ఎనిమిదిలో అక్కడ వెడల్పాటి వంతెన కట్టారు. దాని మీద కూడా జామ్ అవుతుందని ఆయన ముందే చెప్పాడు, అయింది. అదంతా తర్వాతి మాట. వంతెన వచ్చేదాకా, ఏటేటా, గంగక్క బండి మూడో రాయి దగ్గర ఆగిన ప్రతిసారీ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసేది. ఆయన నీకేనక్కా అని అరిచి చెప్పేవాడు.